తొంభై ఆరో చిల్లు

"నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ గాజుగ్లాసు నా చేతిలోనే పగిలి పొడైపోవాలి," అంది అక్క. అని, ఆ గ్లాసుని జాగ్రత్తగా నేలమీద పెట్టి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

వరండా మెట్లమీద కూర్చున్న టైలరు గ్లాసు వంక ఒకసారి, అక్క వంక ఒకసారి చూశాడు. గోడకి జారబడ్డ ఎదురింటి డ్రైవరుగారు, ముప్పై ఐదేళ్ళు బస్సు తోలి రిటైరైనాయన, కాళ్ళు బారజాపుకున్నాడు. అక్క కథ మొదలెట్టాక కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే తిమ్మిరెక్కుతాయని ఆయనకి అనుభవం. గుమ్మంలో మరదలు, చేతిలో ఖాళీ పళ్ళెంతో, లోపలికి వెళ్ళాలో ఉండాలో తెలియక నిలబడిపోయింది. మూలన పేముకుర్చీలో మాత్రం ఆవిడ మొగుడు, అంటే అక్క తమ్ముడు, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. వీధిలో అతన్ని సౌండాయన అంటారు.

అక్క కోతలు కోసేటప్పుడు నవ్వదు. అదే చిక్కు. ఎవరినో కాటికి సాగనంపి, ఇప్పుడే కాళ్ళు కడుక్కుని వచ్చినట్టుంటుంది ముఖం. ఆ ముఖం చూసి, ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి గదా అనుకుని, కొత్తవాళ్ళు నిజమే అనుకుంటారు. పాతవాళ్ళు నమ్మరు గానీ లేచి వెళ్ళరు.

"మొన్న సోమవారం పొద్దున కూర్చున్నాను," అంది. "కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. తొంభై ఆరు చిల్లులు. పొయ్యిమీద కూర దిగేలోపల తొంభై ఆరుకీ పేర్లు రాసి అంటించి లేచాను. ఇందులో నా గొప్పేం లేదు. ఎక్స్ఛేంజి బోర్డు ముందు కూర్చున్న ఏ ఆడదైనా చేస్తుంది."

నాలుగు రోజులు పట్టిందని సౌండాయనకి తెలుసు. కళ్ళజోడు మీద భూతద్దం కూడా పెట్టిందని తెలుసు. అంతకంటే ముఖ్యమైంది ఇంకొకటి తెలుసు. అది మధ్యాహ్నం పన్నెండింటి నుంచీ అతని గొంతులో అడ్డం పడి ఉంది.

ఏడు నెలల కిందట అతనికి పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది, కుడిచెయ్యి సగం తిరిగొచ్చింది, మాట రాలేదు. రాలేదంటే పూర్తిగా పోలేదు, ఒక్కటి మిగిలింది: సరే. అన్నం పెట్టనా అంటే సరే, చాలా అంటే సరే, చాలదా అన్నా సరే. లోపల మాటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పెదాల దాకా వచ్చేసరికి మిగతావాటిని వెనక్కి నెట్టి ఇదొక్కటే బయటపడుతుంది. అతని రికార్డింగు గది టైలరుకి అద్దెకిచ్చేద్దామా అని భార్య అడిగిన రోజున కూడా నోట్లోంచి అదే వచ్చింది. ఆవిడ అది విని కళ్ళొత్తుకుంది. అతనూ ఒత్తుకున్నాడు. టైలరు వచ్చి, కిటికీ కింద మిషనెక్కడ పడుతుందో కొలుచుకుని వెళ్ళాడు.

అక్కే అడ్డుపడింది. "వాడి సరేకి అర్థం లేదు. ఒక్కసారి పని చేయించి చూద్దాం, కుదరకపోతే అప్పుడు ఇద్దురుగాని," అంది. అందుకే ఇవాళ నాలుగింటికి కథలు చదివే ఆవిడ వస్తోంది, తన గొంతు రికార్డు చేయించుకోవడానికి. ఏడు నెలల్లో మొదటి మనిషి. ఇప్పుడు మూడు దాటింది.

ఆ గదిలో మైకులు, స్పీకర్లు, గొంతుని పెంచేవి, తగ్గించేవి, గుడిలో పాడినట్టు మోగించేవి, ఎన్నో పెట్టెలున్నాయి. ప్రతి పెట్టె వైరూ వెనకనుంచి వచ్చి ఒకే చోట, ఒకదాని కింద ఒకటి బిగించిన రెండు ఇనప పలకలకి చేరుతుంది. పలక ముందువైపు రెండేసి వరసల చిల్లులు. పై వరసలోంచి శబ్దం వస్తుంది, కింది వరసలోకి పోతుంది. ఏ శబ్దాన్ని ఏ పెట్టెలోకి పంపాలంటే ఆ చిల్లుకీ ఈ చిల్లుకీ మధ్య జానెడు తీగ గుచ్చితే చాలు. దాన్ని ప్యాచ్ బే అంటారు. ముప్పై ఏళ్ళలో సౌండాయన ఒక్క చిల్లు పక్కన కూడా పేరు రాసుకోలేదు. అతని వేళ్ళకి తెలుసు, అది చాలనుకున్నాడు. ఇప్పుడు ఆ వేళ్ళు తీగ కొసని నిలబెట్టలేవు. గుచ్చాల్సింది భార్య. ఏది ఎక్కడో ఆవిడకి చెప్పడానికి నోరు లేదు. కాబట్టి చీటీలు. ఆ చీటీల పని అక్క నెత్తినేసుకుంది.

"వెనకవైపు వెళ్ళి చూద్దును గదా," అంటోంది అక్క, "వైర్లు కావు బాబూ, అడవి. ఒకటి పట్టుకుని లాగితే పది కదులుతాయి. లాగుతూనే ఉన్నాను. గది నిండింది. కిటికీలోంచి బయటపడేశాను, వీధి నిండింది. అవతలి వీధివాళ్ళు వచ్చి బట్టలారేసుకున్నారు, నేనేమీ అనలేదు. ఆ కుప్పలో ఏం దొరికిందో తెలుసా? పెళ్ళైన కొత్తలో మరదలు పోగొట్టుకున్న దువ్వెన."

"నా దువ్వెన పోలేదు వదినా," అంది మరదలు.

"పోయింది. నీకు తెలియలేదు. ఆ తర్వాత ఒక వైరుంది, నల్లది, దాని కొస ఎక్కడుందో చూద్దామని పట్టుకుని నడిచాను. నడిచాను, నడిచాను, ఎండెక్కింది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాలంటే రెండు బస్సులు మారాల్సి వచ్చింది."

డ్రైవరుగారు కళ్ళు తెరిచాడు. "ఏ నంబరు బస్సు, చెల్లెమ్మా?"

"ఎక్కేటప్పుడు నంబరు చూసే స్థితిలో ఉన్నానా అన్నయ్యా? చేతిలో వైరుంది."

"కండక్టరు ఊరుకున్నాడా?"

"వైరుకి కూడా టిక్కెట్టు కొట్టాడు, దుర్మార్గుడు."

టైలరు కిసుక్కుమన్నాడు. అక్క అతనికేసి ఎంత నొచ్చుకున్నట్టు చూసిందంటే, అతను తల దించుకుని మెడలోని కొలత టేపు సర్దుకున్నాడు.

సౌండాయన ఎడమచెయ్యి కుర్చీ చేతిని పట్టుకుంది. వెనకవైపు. అవును, అక్కడే వచ్చింది తంటా అంతా. అక్క ఆ పలకలున్న ర్యాకు వెనక్కి దూరి, ముక్కాలిపీట వేసుకుని, ఒక్కొక్క వైరు ఏ పెట్టెనుంచి వచ్చిందో పట్టిపట్టి చూసి, ఎడమనుంచి కుడికి వరసగా చీటీలు రాసుకుంది. అంతవరకూ బంగారంలాంటి పని, ఒక్క తప్పు లేదు. ఆ చీటీలు పట్టుకుని ముందువైపుకొచ్చి, మళ్ళీ ఎడమనుంచి కుడికి, అదే వరసలో అంటించింది. వెనకనుంచి చూస్తే ఎడమచివర ఉన్నది ముందునుంచి కుడిచివర ఉంటుందని ఆవిడకి తట్టలేదు. ఎందుకు తడుతుంది? ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళూ బోర్డుకి ముందే కూర్చుంది. వెనకవైపు లైన్‌మన్ చూసుకునేవాడు.

పన్నెండింటికి అక్క అతన్ని చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. మైకు ఉండాల్సిన చోట 'చెవిలో పెట్టుకునేది' అని ఉంది. నోరు తెరిచాడు. సరే అన్నాడు. కంగారుగా ఎడమచేత్తో ఆ చీటీ పీకాడు. "ఊడిపోతోందా, ఉండు," అని అక్క దానిమీద ఇంకో రెండు పొరలు టేపు అంటించి బొటనవేలితో అదిమింది. అతను ఆవిడ పమిట పట్టుకుని లాగాడు. "ఏడవకురా, తోడబుట్టినదానికి ఆమాత్రం చెయ్యనా," అంది.

"ఇంతకీ పేర్లు ఎలా తెలిశాయి అత్తయ్యగారూ?" టైలరు అడిగాడు. "వైర్లన్నీ ఒక్కలాగే ఉంటాయిగా."

"అలా అడుగు. చెవితో." అక్క కుడిచెవి మీద వేలు పెట్టింది. "ఎక్స్ఛేంజిలో నేను హలో అనకముందే, అవతలివాడు ఊపిరి తీస్తే చాలు, ఎవరో, ఎవరికి చేశాడో, ఆ పూట భార్యతో గొడవపడ్డాడో లేదో చెప్పేదాన్ని. ఒక్కో వైరు కొస చెవిలో పెట్టుకున్నాను. మైకు వైరు పెట్టుకుంటే ఏం వినబడిందనుకున్నావు? వంటింట్లో పంచదార డబ్బా మీద చీమ నడుస్తోంది. టిక్కు, టిక్కు, టిక్కు. ఆరు కాళ్ళలో ఒకటి కుంటుతోంది. వెళ్ళి చూశాను. నిజంగానే కుంటిది."

"ఏ కాలు?" డ్రైవరుగారు.

"ఎడమవైపు, మధ్యది."

ఆయన తల పంకించాడు, అదే అనుకున్నట్టు.

"అదేమంత కాదు. గొంతుని మోగించే పెట్టె ఒకటుంది చూడు, దాని చిల్లులో తీగ గుచ్చి చిన్నగా దగ్గాను. దగ్గు లోపలికెళ్ళింది. రాదే. కూర్చున్నాను, రాదు. భోంచేశాను, రాదు. పడుకుని లేచాను. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే బయటికొచ్చింది, లోపలంతా తిరిగి తిరిగి వచ్చిందేమో, దానికి జలుబు చేసింది."

మరదలు కూడా పళ్ళెం అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే గోడగడియారం వైపు చూసింది. అది సౌండాయన చూశాడు. ముప్పావు గంట కూడా లేదు. కథలావిడ వస్తుంది, గాజు అద్దం అవతల కూర్చుని చదవడం మొదలెడుతుంది, అతను మైకుకేసి వేలు చూపిస్తాడు, భార్య చీటీ చదివి తీగ గుచ్చుతుంది, చెవుల్లో ఏమీ వినబడదు. ఇంకోటి గుచ్చుతుంది, కీచుమంటుంది. పరాయి మనిషి ముందు, ముప్పై ఏళ్ళు పని చేసిన గదిలో, అతను లేచి తూలుకుంటూ వెళ్ళి వేలితో పొడిచి చూపించాలి. ఆవిడ జాలిపడి, ఫరవాలేదండీ ఇంకోసారి వస్తాను అంటుంది. ఇంకోసారి అంటూ ఉండదు.

బలమంతా కూడదీసుకున్నాడు. తిరగబడింది అనాలి. తి. నాలుక పళ్ళకి తగలాలి, అంతే. తగిలింది.

"సరే," అన్నాడు గట్టిగా.

"చూశారా," అంది అక్క. "నా మాట వదిలేయండి. వాడి సొత్తు, వాడే అంటున్నాడు. ఒక్కో చీటీ చూపించి అడిగాను, తొంభై ఆరు సార్లు సరే అన్నాడు. ఒక్కసారి కూడా తడబడలేదు."

సౌండాయన కళ్ళు మూసుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అక్క గొంతు తగ్గించింది. గొంతు తగ్గిందంటే పెద్దది రాబోతోందని అందరికీ తెలుసు. కానీ ఈసారి ఆ తగ్గడంలో ఏదో తేడా ఉంది. "తొంభై ఐదు అయ్యాయి. ఒక్కటే మిగిలింది. కింది పలకలో కింది వరస, చిట్టచివరది. వెనక చూశాను, దానికి వైరు లేదు. ఏ పెట్టెకీ సంబంధం లేని చిల్లు. ఉత్త చిల్లుకి ఏం పేరు పెడతాం? అయినా ఎందుకో తీగ గుచ్చి చెవిలో పెట్టుకున్నాను."

టైలరు మెట్టుమీద ముందుకి జరిగాడు.

"మా తమ్ముడి గొంతు. ఈ ఏడు నెలల్లో వాడు అనాలనుకుని అనలేకపోయిన మాటలన్నీ అక్కడ ఉన్నాయి. పోలేదు. ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబడి ఉన్నాయి, రేషను దుకాణం ముందు నిలబడ్డట్టు. టీలో పంచదార ఎక్కువైంది. ఆ ఫ్యాను తగ్గించండి. నాకు వినబడుతుంది, నాతో అరిచి మాట్లాడకండి. నా ఎదురుగానే నన్ను 'అతను' అనకండి. ఇవన్నీ విన్నాను. ఇంకా ఉన్నాయి. ఏమోయ్ అని నిన్ను పిలిచినవి, మరదలా, రెండొందల నలభై ఉన్నాయి. లెక్కపెట్టాను. ఒక్కదానికీ జవాబు లేక అలా నిలబడే ఉన్నాయి పాపం."

మరదలు పళ్ళెం కింద పెట్టి గుమ్మం మీద కూర్చుంది. ఇందాకటి నవ్వు ఆవిడ ముఖంలో లేదు. డ్రైవరుగారు ఏ కాలు, ఏ నంబరు అని అడగలేదు. కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. అక్క కోస్తోందని అందరికీ తెలుసు, సౌండాయనకి అందరికంటే బాగా తెలుసు. తెలిసినా, పంచదార ఎక్కువైన మాట నిజం. ఫ్యాను మాట నిజం. రెండొందల నలభై అనేది మాత్రం అబద్ధం. అంతకంటే చాలా ఎక్కువ.

"మరి," టైలరు ఇబ్బందిగా కదిలాడు. మంచివాడే. గది దొరికితే బాగుండునని ఉంది, ఇలా దొరికితే బాగుండదని కూడా ఉంది. "నా గురించి ఏమైనా అన్నాడా అత్తయ్యగారూ? గది సంగతి?"

అడగకుండా ఉండాల్సింది. అక్క ఇంతవరకూ బతుకులో ఏ ప్రశ్నకీ తెలియదు అని జవాబివ్వలేదు. ఎక్స్ఛేంజిలోనే ఆ అలవాటు పోయింది.

"అన్నాడు," అంది, ఒక్క క్షణం కూడా ఆగకుండా. "అన్నిటికంటే వెనక నిలబడి ఉంది ఆ మాట. 'టైలరు మంచివాడు, గది అతనికే ఇచ్చెయ్యండి, నాకేం బెంగ లేదు,' అన్నాడు. నేనెందుకు కల్పిస్తాను? ఎదురుగానే ఉన్నాడుగా వాడు. ఏరా, అన్నావా లేదా?"

నలుగురూ పేముకుర్చీ వైపు తిరిగారు.

సౌండాయనకి తెలుసు ఏం రాబోతోందో. అప్పుడే పెదాల దగ్గరికి వచ్చేసింది అది, అలవాటైన దారిలో, ఎవరూ పిలవకుండానే. అతను పళ్ళు బిగించాడు. మెడనరాలు ఉబ్బాయి. భార్య లేవబోతే డ్రైవరుగారు చెయ్యెత్తి ఆపాడు. అతను ముక్కుతో ఊపిరి తీసి, ఆ పాత మాటని గుటకేసినట్టు మింగాడు. మింగి, వెంటనే నోరు తెరవలేదు. మళ్ళీ అదే దూరుతుందేమోనని చూశాడు. దూరలేదు.

"కాదు," అన్నాడు.

ముద్దగా, సగం గాలితో వచ్చింది. కానీ అదే మాట. వరండాలో ఇంకెవరూ అనలేదు గనక, అతనే అన్నాడు.

"ఏంట్రా?" అంది అక్క.

"కాదు." ఈసారి కొంచెం నిలబడింది. "కాదు. అక్కా. తి... తిర..." నాలుక మొరాయించింది. అతను ఎడమచెయ్యి ఎత్తి, అరచెయ్యి వాళ్ళకి చూపించాడు. బొటనవేలు ఒకవైపు. చెయ్యి వెనక్కి తిప్పాడు. బొటనవేలు రెండోవైపుకి వెళ్ళింది. మళ్ళీ తిప్పాడు. తిప్పి, గదికేసి చూపించాడు.

డ్రైవరుగారికి వెలిగింది. ముప్పై ఐదేళ్ళు వెనక బండ్లని అద్దంలో చూసిన మనిషి. "చెల్లెమ్మా, చీటీలు వెనక కూర్చుని రాశావా?"

"ఆఁ."

"ముందుకొచ్చి అదే వరసలో అంటించావా?"

అక్క జవాబివ్వలేదు. బతుకులో మొదటిసారి. మరదలు అప్పటికే లోపలికి పరుగెత్తింది. గదిలోంచి తీగ పీకిన చప్పుడు, గుచ్చిన చప్పుడు, తర్వాత మైకు మీద వేలితో కొట్టిన చప్పుడు స్పీకర్లో వినబడ్డాయి. "నిజమే," అంది గుమ్మంలోకొచ్చి, వగరుస్తూ. "ఇటు చివర చీటీ ఉన్నది అటు చివర పలుకుతోంది. అన్నీ అంతే. వదినా, అన్నీ తిరగబడ్డాయి." అంటూనే ఆవిడ మొగుడి ముఖంలోకే చూస్తోంది, చీటీల సంగతి తర్వాత చూసుకోవచ్చన్నట్టు.

అక్క చాలాసేపు తమ్ముడి వంక చూసింది. పమిటకొంగు సర్దుకుంది. సర్దుకునేలోపల ముఖం మళ్ళీ మామూలుగా, సంతాపసభలో మాట్లాడబోయే మనిషిలా తయారైంది.

"తెలుసు," అంది. "కావాలనే తిరగేశాను. తప్పు చూస్తే మా వాడు ఊరుకోలేడు, చిన్నప్పటినుంచీ అంతే. నోరు తెరిపించాలంటే ఇదొక్కటే మందని నాలుగు రోజులు కూర్చుని, లెక్కలేసి, ఒక్కటి కూడా పొరపాటున సరైన చోట పడకుండా అంటించాను. ఏ డాక్టరుకి తట్టింది ఈ ఉపాయం?"

టైలరు నోరు తెరిచి విన్నాడు. పూర్తిగా నమ్మేశాడు.

"కో," అన్నాడు సౌండాయన. అందరూ ఆగారు. అతను కష్టపడి, ఒక్కో అక్షరం ఏరుకుంటూ, "కో... త... లు," అన్నాడు.

డ్రైవరుగారు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఇంకేమిటో ఎవరూ చూడలేదు. టైలరు లేచి, చొక్కా చేతులు పైకి మడిచి, "పీకాల్సినవి ఎక్కడున్నాయమ్మా, చూపించండి, కుట్లు విప్పిన గోళ్ళు ఇవి," అని మరదలితో అన్నాడు. అంటూ సౌండాయన ముందు ఒక్క క్షణం ఆగి, "కిటికీ కింద మిషను ఎలాగూ పట్టదులెండి, నేను తప్పు కొలిచాను," అని లోపలికి వెళ్ళాడు.

"సరే, వంకలు పెట్టడానికి వచ్చారుగానీ ఒక్కరూ పనికి రారు," అంది అక్క, ఎవరూ ఏమీ అనకముందే. కుర్చీ పక్కనున్న చేతికర్ర తీసి తమ్ముడి ఎడమచేతికిచ్చింది. "పీకితే చీటీలు చిరుగుతాయి. మళ్ళీ రాయాలి. టేపు అయిపోయింది. లేవరా. వీధి చివర పుస్తకాల దుకాణానికి వెళ్ళి పట్టుకురా."

"నేను వెళ్తాను వదినా," అంది గదిలోంచి మరదలు.

"నువ్వు తీగలు చూడు. వాడే వెళ్తాడు. ఒక్కడే వెళ్తాడు. ఆ కథలావిడ ముందొస్తే నేను కూర్చోబెడతాను, నా దగ్గర కథలు లేకనా." తమ్ముడి చొక్కా కాలరు సరిచేసింది. సరి చేయడానికి కావలసినదానికంటే కొంచెం ఎక్కువసేపు ఆ చెయ్యి అక్కడే ఉంది. "తెల్ల కాగితం టేపు, వేలెడు వెడల్పుది, రెండు చుట్టలు. ఆ దుకాణంవాడికి సగం చెవుడు, ఏది చేతికందితే అది ఇచ్చేస్తాడు. పచ్చది ఇస్తే ఏమనాలో నీకు తెలుసుగా."